మౌంట్ ఎయిరీ 740: ఓ కొండ ఊరి రేడియో స్టేషన్, దాని పాటలు

చీమకుర్తి_రాయి:

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. పోయిన శనివారం చూసి వచ్చింది రాయకుండా ఉండలేకపోతున్నాను.

మేం ఉండేది నార్త్ కరోలినాలో, కారీలో. నాన్నగారు ఒంగోలు నుంచి వచ్చి రెండు నెలలైంది. ఆయన్ని మాల్స్ చుట్టూ తిప్పితే విసుగొచ్చేసింది. "ఏదైనా మామూలు ఊరు చూపించరా" అన్నారు. సరేనని మౌంట్ ఎయిరీ తీసుకెళ్లాను. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పైలట్ మౌంటెన్ అనే కొండ దాటాక వస్తుంది, అటుపక్కనే వర్జీనియా సరిహద్దు. జనాభా పదివేలు దాటుతుంది, అంతే. ఆండీ గ్రిఫిత్ అనే నటుడు 1926లో పుట్టిన ఊరని టూరిస్టులు వస్తుంటారు. నేను మాత్రం గ్రానైట్ కోసం వెళ్లాను. అక్కడ భూమి పైనే పరుచుకుని ఉన్న తెల్ల గ్రానైట్ క్వారీ ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్తారు. మాది చీమకుర్తి. మా నల్ల గెలాక్సీ రాయి చూస్తూ పెరిగిన నాన్నకి ఆ తెల్ల రాయి చూపించాలని నా కోరిక.

క్వారీ చూసి మెయిన్ స్ట్రీట్‌కి వచ్చాం. ఎర్ల్ థియేటర్ అని పాత సినిమా హాలు ఉంది, లోపల్నుంచి ఫిడేలు వినబడుతోంది. టికెట్ కొని వెళ్తే స్టేజీ మీద నలుగురు వాయిస్తున్నారు. ముందు మైకు, పక్కన అనౌన్సర్. జరుగుతున్నదంతా అప్పటికప్పుడు డబ్ల్యూపీఏక్యూ అనే స్టేషన్‌లో, 740 మీటరు మీద, ప్రసారమవుతోంది. కార్యక్రమం పేరు మెర్రీ గో రౌండ్. స్టేషన్ మొదలైన 1948 నుంచి ప్రతి శనివారం వస్తూనే ఉంది. మొదట్లో స్టేషన్ స్టూడియోలోనే జరిగేదట, తర్వాత ఊళ్లోకి తెచ్చారు.

పక్క సీట్లో ఓ ముసలాయన లేచి స్టేజీ ముందుకెళ్లి, పాదాలు నేల మీంచి పెద్దగా లేపకుండా చెప్పుల చప్పుడుతో తాళం వేస్తూ డాన్స్ చేశారు. ఇంకో ఇద్దరు కలిశారు. నాన్నకి ఒక్క మాట ఇంగ్లీషు అర్థం కాలేదు. రెండున్నర గంటలూ కదల్లేదు. బయటికొచ్చాక ఒకటే అన్నారు: "వీళ్లు పాటగాళ్లు కాదురా. పని చేసుకునేవాళ్లు, పాట వచ్చినవాళ్లు."

దేశంలో వేల స్టేషన్లు ఉండగా ఇది ఒక్కటీ ఇలా ఎలా మిగిలింది? తెలిసినవాళ్లు చెప్పండి.

---

నీలికొండలు:

రాయి గారూ, మా ఇంటి సంగతి రాసినట్టుంది. నేను వర్జీనియాలో రోనోక్‌లో ఉంటాను. ఈ కొండల రేడియో చరిత్ర పదేళ్లుగా నా పిచ్చి, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

స్టేషన్ పెట్టినాయన రాల్ఫ్ ఎపర్సన్. సరిహద్దుకి అటువైపు, వర్జీనియాలోని ఆరారట్ అనే పల్లె ఆయనది. 1948 ఫిబ్రవరి 2న ప్రసారం మొదలైంది. యుద్ధం అయిపోయాక అమెరికాలో చిన్న ఊళ్లకి కూడా లైసెన్సులు రావడం మొదలైన కాలం అది. అంతకు ముందు రేడియో అంటే పెద్ద నగరాలదే. అట్లాంటాలో డబ్ల్యూఎస్‌బీ 1922లో, షికాగోలో డబ్ల్యూఎల్ఎస్ 1924లో, నాష్‌విల్‌లో డబ్ల్యూఎస్ఎమ్ 1925లో వచ్చాయి. పల్లె పాటకి చోటిచ్చింది కూడా ముందు ఇవే. వీటి వెనకున్నది ఎవరనుకున్నారు? షికాగో స్టేషన్ పెట్టింది సియర్స్ అనే సరుకుల కంపెనీ. "ప్రపంచంలో అతి పెద్ద దుకాణం" అన్న మాటల మొదటి అక్షరాలే డబ్ల్యూఎల్ఎస్. నాష్‌విల్‌ది ఇన్సూరెన్స్ కంపెనీ. "లక్షలమందికి మేం రక్ష" అన్న వాళ్ల నినాదమే డబ్ల్యూఎస్ఎమ్. రైతు ఇంట్లోకి పాట వెళ్తే, ఆ వెనకే ఏజెంటు వెళ్లి తలుపు కొట్టొచ్చు. ఈ కార్యక్రమాలని "బార్న్ డాన్స్" అనేవాళ్లు, బార్న్ అంటే రైతు కొట్టం. నాష్‌విల్ కార్యక్రమానికి 1927లో గ్రాండ్ ఓల్ ఓప్రీ అని పేరు పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

నాష్‌విల్‌లో ఉన్నదల్లా స్టార్లు. మౌంట్ ఎయిరీలో ఎపర్సన్ చేసింది ఇంకోటి. చుట్టుపక్కల పొగాకు రైతులు, మేజోళ్ల మిల్లుల్లో పనిచేసేవాళ్లు, క్వారీ కూలీలు శనివారం పూట ఫిడేలు, బాంజో అనే తీగల వాద్యం పట్టుకొస్తే స్టూడియో తలుపు తీసిపెట్టాడు. వాయిస్తే వాయించు. అంతే.

అక్కడికి దగ్గర్లోనే రౌండ్ పీక్ అనే పల్లె ప్రాంతం ఉంది. ఆ వాయిద్య శైలికే రౌండ్ పీక్ శైలి అని పేరు. ఆ శైలిలో పెద్ద పేరు టామీ జారెల్ (1901-1985). రోడ్డు చదును చేసే గ్రేడర్ నడిపి రిటైరయ్యాడు. 1982లో దేశం ఆయనకి జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చింది. కుర్రాళ్లు ఎక్కడెక్కణ్నుంచో వచ్చి ఆయనింట్లో ఉండి నేర్చుకుని వెళ్లేవాళ్లు. ఇంకొకాయన బెంటన్ ఫ్లిప్పెన్ (1920-2011), ఈ స్టేషన్‌లో దశాబ్దాల పాటు వాయించాడు.

ఎపర్సన్ 2006లో పోయారు. కొడుకు కెల్లీ నడిపించారు.

---

చీమకుర్తి_రాయి:

నీలికొండలు గారూ, "బార్న్" అన్న మాట చూసి ఆగిపోయాను. మా ప్రకాశం జిల్లాలో పొగాకు ఆకుల్ని కర్రలకి కట్టి వేడితో ఆరబెట్టే ఇంటిని బ్యారన్ అంటాం. ఆ మాటే ఇది! పంట పేరు కూడా వర్జీనియా పొగాకే. ఆ ఊళ్లో దారి పొడుగునా పాత బ్యారన్లు కనబడుతుంటే నాన్న కారు ఆపించి మరీ చూశారు. చెక్క దుంగలతో కట్టినవి, మా దగ్గర ఇటుకతో కడతారు. మా తాత కాలంలో బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కాచేవాళ్లు, మేలుకోవడానికి పద్యాలు పాడేవాళ్లని నాన్న చెప్పారు.

---

మీడియంవేవ్_తాత:

నమస్తే. నేను ఆకాశవాణిలో ట్రాన్స్‌మిటర్ల దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయినవాణ్ని. ఒక చిన్న దిద్దుబాటు బాబూ. 740 మీటర్లు కాదు, 740 కిలోహెర్ట్జ్. మీటర్లలో చెప్తే సుమారు 405 అవుతుంది.

ఈ అంకె చూడగానే నాకు ఒళ్లు పులకరించింది. మన హైదరాబాద్ 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్. మన దగ్గర స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, అమెరికాలో 10, అందుకే ఆ రెండంకెల తేడా. అంటే నా చిన్నప్పుడు మా ఇంటి రేడియోలో హైదరాబాద్ పలికే చోట ముల్లు పెడితే, ఆ ఊళ్లో ఫిడేలు పలుకుతుందన్నమాట.

ఇంకోటి. 1948 అన్నారు. మన విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న. ఒకే ఏడు పుట్టిన పిల్లలు.

---

ఎందుకంటే:

తాతగారూ, నేనెక్కడో చదివాను, ఈ చిన్న ఏఎమ్ (మీడియం వేవ్) స్టేషన్లు చాలావరకు సూర్యాస్తమయం కాగానే ఆపేసేవాళ్లని. కరెంటు ఖర్చు తగ్గించుకోడానికా?

---

మీడియంవేవ్_తాత:

ఖర్చు కాదు నాయనా, ఆకాశం.

మీడియం వేవ్ తరంగం రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి నేలని పట్టుకుని. రెండోది పైకి. పగటిపూట ఎండ వల్ల పైన అయనావరణంలో 'డి' పొర అని ఒకటి ఏర్పడి, పైకెళ్లిన తరంగాన్ని మింగేస్తుంది. కాబట్టి పగలు వినబడేదంతా నేల దారిలో వచ్చిందే, వంద, రెండొందల కిలోమీటర్లు. పొద్దు గూకగానే ఆ పొర పోతుంది. పైకెళ్లిన తరంగం ఇంకా పైనున్న పొరకి తగిలి వందల మైళ్ల అవతల దిగుతుంది. మన ఇళ్లలో రాత్రయితే సిలోన్ స్పష్టంగా వచ్చేదని గుర్తుందా? షార్ట్ వేవ్ సంగతి వేరనుకోండి, మీడియం వేవ్‌లో కూడా రాత్రిపూట దూరపు కేంద్రాలు వచ్చి పడేవి, ఇది అందుకే.

740 అనేది ఉత్తర అమెరికాలో కెనడాకి కేటాయించిన చోటు. టొరాంటోలో పెద్ద స్టేషన్ ఉండేది దాని మీద. రాత్రి పూట మౌంట్ ఎయిరీ పూర్తి బలంతో పాడితే టొరాంటో వాళ్ల చెవిలో పడుతుంది. అందుకే ఇలాంటి చోట్ల చిన్న స్టేషన్లకి పగటి లైసెన్సు ఇచ్చేవాళ్లు. వీటికి "డేటైమర్" అనే పేరుంది. ఈ స్టేషన్‌కి పగలు 10,000 వాట్లు. చిన్న ఊరికి అది మంచి బలం, కొండల అవతల వర్జీనియా దాకా పోతుంది.

దీనివల్ల ఒక మంచి జరిగింది, నా లెక్కలో. రాత్రి పూట పెద్ద నగరాల స్టేషన్లతో పోటీ లేదు. పొద్దున పాలు పితికేవాడికి, మధ్యాహ్నం అన్నానికొచ్చిన రైతుకి, శనివారం పగలు తీరిక దొరికినవాడికి పాడాలి. పగలు మాత్రమే పాడే స్టేషన్, పగలు మాత్రమే పని చేసే జనం. వేళలు కలిసిపోయాయి.

---

శ్రుతిపెట్టె:

నాకు రేడియో సంగతులు తెలియవు కానీ ఫిడేలు అన్నారు కాబట్టి వచ్చాను. విజయనగరంలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. మా ఊళ్లో వయొలిన్ అనరు, ఫిడేలే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఫిడేలు నాయుడుగారనే పిలిచేవారు.

నీలికొండలు గారు చెప్పిన టామీ జారెల్ వాయిద్యం రాత్రి వెతికి విన్నాను. రెండు తీగల మీద కమాను ఒకేసారి ఆనించి వాయిస్తున్నారు, కింద శ్రుతి ఆగకుండా మోగుతోంది. ఏంటీ శ్రుతి అని నా ఫిడేలు తీసి కలిపి చూస్తే నాకు నోట మాట రాలేదు. మామూలుగా పాశ్చాత్య వయొలిన్‌ని జి, డి, ఎ, ఇ అని కలుపుతారు. ఈయన చాలా పాటలకి ఎ, ఇ, ఎ, ఇ అని కలుపుకున్నారు. అంటే ఏంటి? స, ప, స, ప. అచ్చంగా మన కర్ణాటక ఫిడేలు శ్రుతి! మనం వాద్యాన్ని కాలి మీద ఆనించి కూర్చుని వాయిస్తాం, ఆయన భుజానికి, ఛాతీకి ఆనించి వాయిస్తారు. తీగలు మాత్రం ఒక్కలాగే.

బాంజోలో కూడా ఓ పొట్టి తీగ ఉంది, బొటనవేలితో మీటుతూ ఉంటారు, అది స్వరం మారదు. వీణ మీద తాళం తీగల్లా. ఇవి ఒకదాన్నుంచి ఒకటి వచ్చాయని నేననడం లేదు. మొత్తం మోగాలంటే చేతికి ఏది సుఖమో దాన్ని ఇద్దరూ కనుక్కున్నారు.

---

నీలికొండలు:

శ్రుతిపెట్టె గారూ, ఇన్నేళ్లు వింటున్నా నాకిది తట్టలేదు! ఇక్కడివాళ్లు దాన్ని "క్రాస్ ట్యూనింగ్" అంటారు. రౌండ్ పీక్‌లో మెట్లు లేని బాంజోలు వాయించేవాళ్లు కూడా ఉన్నారు, ఫ్రెడ్ కాకర్‌హామ్ లాంటివాళ్లు. గమకం లాంటి జారుడు వస్తుంది అందులో, వినండి.

ఇంకో మాట. ఈ పాత సంగీతాన్ని "ఓల్డ్ టైమ్" అంటారు. బ్లూగ్రాస్ వేరు. బ్లూగ్రాస్ బిల్ మన్రో బృందంలో 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ల బాంజోతో చేరాక రూపుదిద్దుకుంది. అందులో ఒక్కొక్కరూ వంతులవారీగా ముందుకొచ్చి ప్రతిభ చూపిస్తారు. ఓల్డ్ టైమ్‌లో అందరూ కలిసి ఒకే పాటని చుట్టి చుట్టి వాయిస్తారు, డాన్స్ కోసం. డబ్ల్యూపీఏక్యూలో రెండూ వస్తాయి, భక్తి పాటలు కూడా.

---

పొలంగట్టు:

అందరికీ దండాలు. మాది జహీరాబాద్ దిక్కు. ఒక సంగతి అడుగుత. ఆ కూలోళ్లు, రైతులు రేడియోల వాయిస్తే పైసలు ఇచ్చేటోళ్లా? లేకపోతే ఉత్తగనే వాయించుకున్నరా? తలుపు తీసిపెట్టిండు అంటే మంచిగనే ఉంది, కానీ బతుకు ఎట్ల?

---

నీలికొండలు:

మంచి ప్రశ్న అన్నా. ఆ కాలం చిన్న స్టేషన్లలో రేడియో నుంచి డబ్బు పెద్దగా రాదు. రేడియో ఊరూరా డప్పు కొట్టడం లాంటిది. దీనికి మంచి ఉదాహరణ బ్రిస్టల్ ఊరు. వర్జీనియా, టెన్నెసీ రెండు రాష్ట్రాల గీత దాని మెయిన్ రోడ్డు మధ్యలోంచే పోతుంది. అక్కడ 1946 డిసెంబర్‌లో డబ్ల్యూసీవైబీ అని స్టేషన్ వచ్చింది. మధ్యాహ్నం "ఫార్మ్ అండ్ ఫన్ టైమ్" అని కార్యక్రమం. బ్లూగ్రాస్ కళాకారులు స్టాన్లీ సోదరులు, ఫ్లాట్, స్క్రగ్స్ అక్కడ పాడి పేరు తెచ్చుకున్నవాళ్లే. పాట మధ్యలో "ఈ శుక్రవారం ఫలానా ఊరి బడిలో మా ఆట ఉంది, రండి" అని చెప్పేవాళ్లు. ఐదు రాష్ట్రాల్లో వినబడేది. ఆ బడిలో టికెట్ డబ్బులు, పాటల పుస్తకాలు అమ్మిన డబ్బులు, అదే జీతం. రోజూ పొద్దున ఎక్కడెక్కడి కొండ రోడ్ల మీదో కారు నడిపి మధ్యాహ్నం లోపు మళ్లీ స్టూడియోకి రావాలి.

మౌంట్ ఎయిరీలో శనివారం వచ్చేవాళ్లలో చాలామంది దాని మీద బతకాలనుకున్నవాళ్లు కాదు. సోమవారం మళ్లీ మిల్లుకి వెళ్లేవాళ్లు. రాయి గారి నాన్నగారు చూసి పట్టుకున్నది అదే.

---

ఎందుకంటే:

నేను ఒక అభ్యంతరం చెప్పాలి. మనం ఒక స్టేషన్ యజమాని మంచితనం గురించి మాట్లాడుకుంటున్నాం. తలుపు అందరికీ తెరిచి ఉందా? 1948 నార్త్ కరోలినాలో నల్లవాళ్లకి వేరే బడి, వేరే నీళ్ల కొళాయి. బాంజో ఎక్కడిది? ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు చేసుకున్న వాద్యం. అది లేకుండా ఈ సంగీతమే లేదు. మరి ఆ కథ ఇంతసేపటి నుంచి ఒక్కరూ ఎత్తలేదు.

---

నీలికొండలు:

మీరు ఎత్తడం న్యాయం. నేనే ముందు రాయాల్సింది.

గ్రాండ్ ఓల్ ఓప్రీ తొలి స్టార్లలో ఒకాయన డిఫోర్డ్ బెయిలీ, నల్లజాతి మౌత్ ఆర్గాన్ కళాకారుడు. రైలు కూతని హార్మోనికాలో వాయిస్తే జనం ఊగిపోయేవాళ్లు. 1941లో ఆయన్ని తీసేశారు. దానికి తోడు ఆ ఏడు రేడియో స్టేషన్లకీ, పాటల హక్కుల సంఘానికీ గొడవ వచ్చింది, ఆ సంఘం పాటలేవీ రేడియోలో వెయ్యకూడదు. ఆయనకి పేరు తెచ్చిన పాటలన్నీ అందులో ఇరుక్కున్నాయి. తర్వాత బతుకు బూట్లు తుడిచే దుకాణంతో. 2005లో, చనిపోయి ఇరవై మూడేళ్లయ్యాక, కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

అదే గొడవ వల్ల స్టేషన్లు కొత్తగా ఇంకో హక్కుల సంస్థ, బీఎంఐ, పెట్టుకున్నాయి. పాత సంఘం పట్టించుకోని పల్లె పాటలకీ, బ్లూస్‌కీ అది చోటిచ్చింది. ఒక తలుపు మూసుకుని ఇంకోటి తెరుచుకుంది, కానీ బెయిలీకి మాత్రం మూసుకున్నదే మిగిలింది.

నార్త్ కరోలినాలోనే మెబన్ అనే ఊళ్లో జో థామ్సన్ (1918-2012) అనే నల్లజాతి ఫిడేలు కళాకారుడు ఉండేవారు. ఆయన దగ్గరికి ముగ్గురు యువకళాకారులు వారం వారం వెళ్లి నేర్చుకున్నారు. వాళ్లే కరోలినా చాకొలేట్ డ్రాప్స్ బృందమైంది, గ్రామీ కూడా వచ్చింది. అందులో రియానన్ గిడెన్స్ గ్రీన్స్‌బరో అమ్మాయి. మౌంట్ ఎయిరీకి గంట దూరం.

---

మీడియంవేవ్_తాత:

తలుపుల మాట వచ్చింది కాబట్టి మన సంగతి కూడా చెప్పుకోవాలి. నేను ఆకాశవాణిని ప్రేమించినవాణ్ని, ఆ ఉద్యోగం మీదే పిల్లల్ని చదివించాను. అయినా చెప్తాను.

మన దగ్గర పాడాలంటే ఆడిషన్. గ్రేడు: బి, బి హై, ఎ, టాప్. దానివల్ల మంచి ప్రమాణం వచ్చింది, బాలాంత్రపు రజనీకాంతరావుగారి భక్తిరంజని లాంటివి వచ్చాయి, ఉషశ్రీగారి ధర్మసందేహాలు వినడానికి ఊళ్లకి ఊళ్లు ఆగేవి. అయితే 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో హార్మోనియం నిషేధం. మన స్వరాలకి సరిపోదని పెద్దల వాదన. పద్యనాటకం అంటే హార్మోనియమే కదా మనకి! ఊళ్లో తెల్లవార్లూ పద్యం పాడి ఒన్స్‌మోర్‌లు కొట్టించుకున్నవాడి పెట్టె స్టూడియో గడప దాటడానికి లేదు. 1952లో సినిమా పాటలు తగ్గించారు, జనం సిలోన్‌కి పోయారు.

అందుకే, ఎపర్సన్ ఆడిషన్ పెట్టకుండా శనివారం తలుపు తీశాడంటే నాకు అది చిన్న విషయంలా అనిపించడం లేదు. నైపుణ్యం తక్కువైనవాడు కూడా వచ్చి ఉంటాడు. పక్కన బెంటన్ ఫ్లిప్పెన్ లాంటివాడు వాయిస్తుంటే విని వచ్చే వారానికి మెరుగుపడి ఉంటాడు.

---

పొలంగట్టు:

తాతా, మీరు తలుపు అన్నరు, నేను మా తలుపు చెప్త. మా దగ్గర మాచనూరుల సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబర్ 15న మొదలైంది, 90.4 ఎఫ్‌ఎం. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత ఆడోళ్ల సంఘాలు నడిపిస్తయి. మాట్లాడేది వాళ్లే, రికార్డు చేసేది వాళ్లే. చిరుధాన్యాలు, విత్తనాలు, పండుగ పాటలు, బతుకమ్మ, అన్నీ మా బాసల్నే. మా అమ్మ వేరే రేడియోల మాటలు వింటే "పుస్తకం చదువుతున్నరు" అనేది. గీ రేడియో వింటే "మన సాయమ్మ మాట్లాడినట్టే ఉంది" అనేది.

దాన్ని ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995ల సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినోళ్లల్ల ఆయన ఒకరు. ఆ తీర్పు వచ్చినంక కూడా మాకు లైసెన్సు రానీకి పదమూడేండ్లు పట్టింది. అప్పటిదాకా టేపుల మీద రికార్డు చేసి ఊరూరికి మోసుకపోయి వినిపించిన్రు. ఆ అమెరికా పెద్దమనిషి 1948లనే పెట్టుకోగలిగిండు. మా అక్కలకి అరవై ఏండ్లు ఎక్కువ పట్టింది.

---

శ్రుతిపెట్టె:

పొలంగట్టు గారూ, టేపులు మోసుకెళ్లి వినిపించడం... మళ్లీ మళ్లీ చదివాను ఆ వాక్యం.

---

ఎందుకంటే:

నా అభ్యంతరానికి అందరూ ఓపికగా జవాబిచ్చారు, థాంక్స్. ఇక రాయి గారి అసలు ప్రశ్న: ఎలా మిగిలింది? నాకు తోచింది చెప్తాను.

1950ల చివర్లో రాక్ అండ్ రోల్ వచ్చాక చిన్న స్టేషన్లు చాలావరకు టాప్ 40కి, అంటే అప్పటి హిట్ పాటలే వెయ్యడానికి, మారిపోయాయి. లైవ్ వాయిద్యగాళ్లని మానేసి రికార్డులు తిప్పడం చవక. తర్వాత కంట్రీ స్టేషన్లు అన్నవి కూడా నాష్‌విల్ రికార్డులే వేశాయి, ఊరి ఫిడేలు కాదు. 1996లో టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చి ఒక కంపెనీ దేశమంతటా ఎన్ని స్టేషన్లయినా కొనుక్కోవచ్చంది. ఒక పెద్ద కంపెనీ వెయ్యికి పైగా కొంది. అనౌన్సర్ వేరే రాష్ట్రంలో కూర్చుని ముందే రికార్డు చేసి పెడతాడు. నార్త్ డకోటాలో మైనాట్ అనే ఊళ్లో 2002 జనవరిలో రాత్రిపూట రైలు పట్టాలు తప్పి అమ్మోనియా వాయువు ఊరి మీదికి వచ్చింది. ఊళ్లో ఆరు కమర్షియల్ స్టేషన్లూ ఒకే కంపెనీవి. హెచ్చరిక సమయానికి ప్రసారం కాలేదని పెద్ద చర్చ జరిగింది.

ఎపర్సన్ కుటుంబం ఇవేవీ చెయ్యలేదు. రికార్డులకి మారలేదు, అమ్మలేదు. దీన్ని నేను మంచితనం అనడం కన్నా యాజమాన్యం అంటాను. స్టేషన్ ఊళ్లో వాడి చేతిలో ఉంటే, వాడికి నచ్చిన పాట లాభం తక్కువైనా ఉంచగలడు.

---

నీలికొండలు:

సగం ఒప్పుకుంటాను. ఊళ్లోవాడి చేతిలో ఉండి కూడా టాప్ 40కి మారినవి ఎన్నో. ఎపర్సన్‌కి ఆ సంగీతం మీద నిజంగా పట్టుదల ఉంది. ఇంకొకటి కూడా చేశాడు, దానికి మనం దణ్ణం పెట్టాలి. వచ్చినవాళ్ల వాయిద్యాన్ని డిస్కుల మీద రికార్డు చేసి, పారేయకుండా దాచాడు. తర్వాత ఎన్నో దశాబ్దాలకి అందులోంచి ఎంచి సీడీగా తెచ్చారు. రికార్డు కంపెనీ మొహం ఎన్నడూ చూడని రైతుల వాయిద్యం అది.

అదే ప్రాంతంలో ఇటువైపు వర్జీనియాలో మార్టిన్స్‌విల్ దగ్గరా, గేలాక్స్‌లోనూ ఇలాంటి శ్రోతలే. గేలాక్స్ ఫిడేలు పోటీ 1935 నుంచి, మౌంట్ ఎయిరీ పోటీ 1972 నుంచి జరుగుతున్నాయి. రేడియో, పోటీ, ఇంటి వసారా, మూడూ ఒకదానికొకటి ఆసరా.

---

మీడియంవేవ్_తాత:

ఆ డిస్కుల గురించి ఒక్క ముక్క. టేపు రాకముందు సంగతి. అల్యూమినియం పళ్లెం మీద లక్కలాంటి పూత ఉంటుంది. వాయిస్తుంటే సూది నేరుగా దాని మీద గాడి కోస్తుంది. తప్పు పోతే చెరపడానికి లేదు, కోసిన పొట్టు పక్కన దారంలా లేస్తుంది, దాన్ని బ్రష్షుతో తీస్తూ ఉండాలి. నాలుగైదు సార్లు వినిపిస్తే గాడి అరిగిపోతుంది. ఎండ తగిలితే పూత పెచ్చులూడుతుంది. యాభై ఏళ్లు దాచడం అంటే రోజూ చూసుకున్నట్టే. మన దగ్గర ఎన్ని మంచి టేపుల మీద కొత్తవి రికార్డు చేసేశామో నేను కళ్లారా చూశాను. టేపులకి కరువు, ఏం చేస్తాం. ఒక బుర్రకథ దళం టేపు చెరుగుతుంటే నేనే మీట నొక్కాను, 1979లో. ఆ దళం నాయకుడి గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది, ఇంకెక్కడా లేదు.

---

చీమకుర్తి_రాయి:

తాతగారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ ఇమ్మని, చీమకుర్తిలో ఉన్న చిన్నాన్నకి చేసి, బ్యారన్ దగ్గర పాడే పద్యాలు ఎవరికి గుర్తున్నాయని అడిగారు. ఒక పెద్దావిడకి కొన్ని గుర్తున్నాయట. ఫోన్‌లోనే రికార్డు చెయ్యమని చిన్నాన్న కొడుక్కి చెప్పాను. గాలి చప్పుడు రాకుండా ఎలా చెయ్యాలో ఎవరైనా చెప్తారా?

---

మీడియంవేవ్_తాత:

ఫ్యాన్ ఆపించు. ఫోన్ చేత్తో పట్టుకోకుండా దిండు మీద పెట్టించు, ఆవిడ నోటికి జానెడున్నర దూరంలో, కాస్త పక్కగా. తలుపులు మూసి, గదిలో దుప్పట్లు పరిపించు. మొదట ఆవిడ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆవిడ చేతే చెప్పించు. పాట మధ్యలో ఎవరూ శభాష్ అనొద్దు. రెండు చోట్ల కాపీ పెట్టు.

---

శ్రుతిపెట్టె:

వినాలనుకునేవాళ్ల కోసం: స్టేషన్ ఇంటర్నెట్‌లో కూడా వస్తుంది. మెర్రీ గో రౌండ్ వాళ్ల టైము శనివారం ఉదయం 11కి. మనకి వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, వాళ్లు గడియారం మార్చుకున్నాక శీతాకాలంలో తొమ్మిదిన్నర.

నిన్న మొత్తం విన్నాను. ఒక బృందం పాటకీ పాటకీ మధ్య ఫిడేలు శ్రుతి మార్చుకోవడానికి ఆగింది. ఆ కాసేపూ అనౌన్సర్ ఏదో కబుర్లు చెప్తున్నారు, వెనకాల తీగలు బిగుసుకుంటున్న చప్పుడు. నా ఫిడేలు ఒళ్లో పెట్టుకుని నేను కూడా కలుపుకున్నాను. స, ప, స, ప. వాళ్లు మొదలుపెట్టారు. రెండో ఆవృత్తికి నేను శ్రుతిలో అందుకున్నాను. పక్కగదిలోంచి మా గురువుగారు వచ్చి గుమ్మంలో నిలబడి విని, "ఇదెవరి బాణీ?" అని అడిగారు.

---

పొలంగట్టు:

ఏం చెప్పిన్రు అక్కా?

---

శ్రుతిపెట్టె:

రోడ్డు గ్రేడర్ నడిపినాయన బాణీ అండి, అన్నాను. కూర్చుని పాట అయిపోయేదాకా విన్నారు.